అలకనంద: పన్నెండు వందల కోట్ల ఏళ్లు నడిచి వచ్చిన వెలుగు

(కొవ్వూరులో జరిగిన ఆదివాసీ యువ సమ్మేళనంలో మా సాంస్కృతిక విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

పోలవరం, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చినవాళ్లకూ, అవతలి గట్టున రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు నుంచి గోదావరి దాటి వచ్చినవాళ్లకూ, కుర్చీలు చాలక గోడవారన నిలబడి వింటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మా నమస్కారాలు.

ఈ సమ్మేళనంలో మన సంస్కృతి మీద ఒక ప్రసంగం చేయమని సంఘం పెద్దలు మాకు అప్పగించారు. కొమ్ము నృత్యం గురించో, భూమి పండుగ గురించో చెబుతామని వాళ్లు అనుకున్నారు. మేము గెలాక్సీ గురించి మాట్లాడతామని అన్నాం. ఒక పెద్దాయన నవ్వి, "భూమి పట్టాలే ఇంకా తేలలేదు, మీరు ఆకాశం దాకా పోతున్నారేమయ్యా" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. పోడు భూమికి పట్టా కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు ఆ మాట అంటే మేము కాదనలేం. అయినా ఈ సంగతి చెప్పే తీరాలని పట్టుబట్టాం. ఎందుకో మీకు పోనుపోను అర్థమవుతుంది.

2025 నవంబరులో ఒక పరిశోధనా వ్యాసం అచ్చయింది. రాసినవాళ్లు ఇద్దరు: రాశి జైన్, యోగేశ్ వాడదేకర్. పుణేలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రం ఉంది కదా, అక్కడివాళ్లు. రాశి జైన్ ఇంకా డాక్టరేట్ చదువుతున్న అమ్మాయి. జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన బొమ్మలు ప్రపంచంలో ఎవరైనా చూసుకోవడానికి వీలుగా బయట పెడతారు. అలాంటి బొమ్మల్లో ఉన్న వేలాది గెలాక్సీలను పరీక్షిస్తుంటే ఆమె కంట ఒకటి పడింది. చిన్నది, మసక మసకగా ఉంది. కానీ రెండు చేతులు చాచి సుడి తిరిగినట్టు చక్కగా కనబడుతోంది. దాని వెలుగు మన దగ్గరకు రావడానికి 1200 కోట్ల సంవత్సరాలు పట్టింది. దానికి వాళ్లు పెట్టిన పేరు అలకనంద.

పేరు సంగతి ముందు చెప్పుకుందాం, ఎందుకంటే మనం నది ఒడ్డున కూర్చున్నాం. హిందీలో మన పాలపుంతను మందాకిని అని కూడా అంటారు. హిమాలయాల్లో మందాకిని అనే నది ఉంది, దానికి తోబుట్టువు లాంటిది అలకనంద. రెండూ రుద్రప్రయాగ దగ్గర కలుస్తాయి. చూడబోతే మన పాలపుంతకు చెల్లెలు లాగే ఉంది కాబట్టి ఆ పేరు పెట్టారు. మనకు ఇది కొత్త సంగతి కాదు. ధవళేశ్వరం దాటాక అఖండ గోదావరి చీలి గౌతమి ఒక పక్కకు, వసిష్ట ఒక పక్కకు పోతాయి కదా. ఏ పాయకు ఏ పేరో డెల్టా పిల్లలకు ఎవరూ నేర్పకుండానే వస్తుంది. పేరు పెట్టాక ఒక వస్తువు మనదైపోతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో దీనితో పనుంది.

ఇక దూరం. 1200 కోట్ల సంవత్సరాలు అంటే చెవికి ఎక్కదు. మనకు తెలిసిన గుర్తులతో కొలుద్దాం.

వెలుగు ఒక్క సెకనులో భూమి చుట్టూ ఏడున్నర సార్లు తిరిగి రాగలదు. సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికి ఎనిమిది నిమిషాల పైచిలుకు పడుతుంది. అంటే ఇప్పుడు మీ మీద పడుతున్న ఎండ, మేము ఈ ప్రసంగం మొదలుపెట్టక ముందే సూర్యుణ్ని వదిలింది. ఆ వెలుగు ఏడాదిపాటు ఆగకుండా పోతే 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు పోతుంది. దాన్నే కాంతి సంవత్సరం అంటారు. పేరులో సంవత్సరం ఉన్నా అది దూరం కొలత.

కార్తీక అమావాస్య రాత్రి ఎనిమిది గంటలప్పుడు, వీధి దీపాలు లేని చోట నిలబడి నడినెత్తికి కొంచెం ఉత్తరంగా చూడండి. చిన్న దూది పింజ లాంటి మసక మచ్చ కనబడుతుంది. అది ఆండ్రొమెడా, మనకు దగ్గరలో ఉన్న పెద్ద సర్పిలాకార గెలాక్సీ. ఏ అద్దమూ లేకుండా కంటితో చూడగలిగే అతి దూరపు వస్తువుల్లో అదొకటి. దాని వెలుగు బయలుదేరి 25 లక్షల ఏళ్లు. అప్పటికి మన లాంటి మనుషులు భూమి మీద లేరు.

ఇంకా వెనక్కి వెళ్దాం. ఇక్కడికి దగ్గర్లోనే పంగిడి, గౌరీపట్నం క్వారీలున్నాయి. మనవాళ్లు కొందరు అక్కడ కంకర పనికి పోతుంటారు. ఆ నల్లరాయి ఒకప్పుడు లావా. రాజమండ్రి ట్రాప్స్ అని భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో దాని పేరుంటుంది. వయసు సుమారు 6.5 కోట్ల సంవత్సరాలు. రాక్షస బల్లులు అంతరించిన రోజుల రాయి అది. మన లెక్కలో అది చాలా పాతది. అలకనంద లెక్కలో అది నిన్నటిది.

సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్లు. భూమి ఇంచుమించు అంతే. ఇప్పుడు తీసివేత చేయండి. అలకనంద వెలుగు బయలుదేరి 740 కోట్ల ఏళ్లు నడిచాక గానీ సూర్యుడే పుట్టలేదు. అంటే ఆ వెలుగు ప్రయాణంలో సగానికి పైగా గడిచిపోయేదాకా, అది చేరాల్సిన ఊరే లేదు. కొవ్వూరు లేదు, గోదావరి లేదు, భూమి లేదు. ఈ ఒక్క సంగతి తలచుకుంటూ మాలో కొందరం ఒక రాత్రంతా మేలుకుని మాట్లాడుకున్నాం.

అలకనందలో ఏముందో చూద్దాం. మధ్యలో నక్షత్రాలు దట్టంగా పోగుపడిన ప్రకాశవంతమైన ఉబ్బు ఉంది. దాని చుట్టూ పళ్లెంలా పలచని బిళ్ల. ఆ బిళ్లలో ఉబ్బుకు ఇరువైపులా నుంచి బయలుదేరి చుట్టుకుపోయే రెండు చేతులు. శాస్త్రం పుస్తకాలు వీటిని భుజాలంటాయి. చేతుల పొడవునా నూలుకు గుచ్చిన పూసల్లా వెలిగే ముద్దలు. ఆ పూసలే కొత్త నక్షత్రాలు గుంపులు గుంపులుగా పుడుతున్న చోట్లు. ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 30,000 కాంతి సంవత్సరాలు. మన పాలపుంత దాదాపు 1,00,000 కాంతి సంవత్సరాలు కాబట్టి దానిలో మూడో వంతు. అందులోని నక్షత్రాలన్నీ కలిపి సుమారు 1000 కోట్ల సూర్యుళ్ల బరువు. ఏటా దాదాపు 60 సూర్యుళ్లకు సరిపడా వాయువు కొత్త నక్షత్రాలుగా మారుతోంది. మన పాలపుంతలో ఇప్పుడు ఏటా పుట్టేది రెండు మూడు సూర్యుళ్ల బరువే. ఇరవై రెట్లు ఎక్కువ హడావిడి అక్కడ. దాని నక్షత్రాల్లో ఇంచుమించు సగం కేవలం 20 కోట్ల ఏళ్లలోనే పుట్టినట్టు లెక్క తేలింది. పండుగకు ముందు ఊరంతా ఒకేసారి ఇళ్లు అలుక్కున్నట్టు, పని అంతా ఒక్క ఊపున జరిగిపోయింది.

ఈ సుడి ఆకారం మనుషులకు మొదట కనబడింది 1845లో. ఐర్లండులో రాస్ ప్రభువు కట్టించుకున్న పెద్ద టెలిస్కోపులో ఒక మసక మచ్చ సుడిగుండంలా తిరిగి ఉండడం చూసి చేత్తో బొమ్మ గీశాడు. అది మన పాలపుంతలో భాగమా, బయటిదా అని మరో 80 ఏళ్లు వాదులాడుకున్నారు. 1920ల్లో ఎడ్విన్ హబుల్ ఆండ్రొమెడాలో వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉండే ఒక రకం నక్షత్రాలను పట్టుకుని దూరం కొలిచాక వాదన తెగింది. ఆ కొలతకు సూత్రం 1912లో హెన్రియెటా లెవిట్ అనే ఆమె ఇచ్చింది. ఫొటో పలకలు చూసి నక్షత్రాల వెలుగు లెక్కగట్టే గుమస్తా ఉద్యోగం ఆమెది. హబుల్ పేరు అందరికీ తెలుసు. ఆమె పేరు కూడా తెలియాలి.

ఇక అసలు చిక్కుముడి. ఈ చేతులు ఎందుకు ఉంటాయి?

గోదావరికి వరద వచ్చినప్పుడు సుడులు చూస్తాం కాబట్టి, గెలాక్సీ కూడా అలాగే లోపలికి లాగేస్తోందని అనిపిస్తుంది. అలా కాదు. నక్షత్రాలు మధ్యలోకి పడిపోవు. చుట్టూ తిరుగుతూ ఉంటాయి. మన సూర్యుడు కూడా పాలపుంత చుట్టూ ఒక ప్రదక్షిణ చేయడానికి సుమారు 23 కోట్ల ఏళ్లు తీసుకుంటాడు.

రేలా ఆట తలచుకోండి. మధ్యలో డోలు కొట్టేవాళ్లు. ఇప్పుడు మామూలుగా ఆడేట్టు వలయంగా కాకుండా, డోలు దగ్గర నుంచి మైదానం చివరి దాకా ఇరవై మంది అక్కచెల్లెళ్లు ఒకే వరుసలో, సైకిలు చక్రం పుల్లలా నిలబడ్డారనుకోండి. అందరూ ఒకే వేగంతో డోలు చుట్టూ అడుగులు వేయాలి. డోలు పక్కన ఉన్నామెకు చుట్టు చిన్నది, నాలుగు అడుగుల్లో తిరిగి వచ్చేస్తుంది. మైదానం చివర ఉన్నామెకు చుట్టు పెద్దది, ఆమె ఇంకా పావు దూరం కూడా పోయి ఉండదు. కాసేపటికి ఆ వరుస వంగుతుంది. ఇంకాసేపటికి చుట్టుకుంటుంది. పది చుట్లయ్యాక చాప చుట్టినట్టు బిగుసుకుపోయి వరుస అన్నదే కనబడదు. గెలాక్సీల్లో కూడా బయటి నక్షత్రాలూ లోపలి నక్షత్రాలూ ఇంచుమించు ఒకే వేగంతో పోతాయి. మరి కోట్ల ఏళ్లు గడిచినా చేతులు చెదిరిపోకుండా ఎలా కనబడుతున్నాయి? పాత తరం ఖగోళ శాస్త్రవేత్తలను బాగా ఏడిపించిన ప్రశ్న ఇది.

జవాబు మన వంతెన మీద ఉంది. కొవ్వూరు నుంచి రాజమండ్రికి రోడ్డు కమ్ రైలు వంతెన మీద పోతున్నారు. నడి వంతెనలో ఒక లారీ నత్తనడక నడుస్తోంది. దాని వెనక బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్లు గుమిగూడతాయి. కొంచెం సందు దొరకగానే ముందున్నవి దాటి జోరందుకుంటాయి, వెనక నుంచి కొత్తవి వచ్చి చేరతాయి. అరగంట తర్వాత గట్టు మీద నుంచి చూస్తే జామ్ అక్కడే ఉంటుంది. కానీ అందులో ఉన్న బండ్లు వేరు. జామ్ అనేది బండ్లతో కట్టిన వస్తువు కాదు, బండ్లు దాటిపోయే ఒక రద్దీ. 1964లో లిన్, షూ అనే ఇద్దరు గెలాక్సీ చేతులు కూడా ఇలాంటి రద్దీయేనని గణితంతో చెప్పారు. దాన్ని సాంద్రతా తరంగం అంటారు. నక్షత్రాలు, వాయువు ఆ రద్దీలోకి వస్తాయి, నెమ్మదిస్తాయి, దాటిపోతాయి. వాయువు అక్కడ నలిగి దగ్గరపడడంతో కొత్త నక్షత్రాలు పుడతాయి. వాటిలో మరీ పెద్దవి నీలంగా, మహా ప్రకాశంగా మండి, రద్దీని పూర్తిగా దాటకముందే ఆయువు తీరి పేలిపోతాయి. అందుకే చేతులు అంత మెరుస్తాయి. అలకనందలో పూసల్లా కనబడేవి అవే పుట్టుక చోట్లు.

అన్ని గెలాక్సీల చేతులూ ఇలాగే వస్తాయని ఎవరూ ఒట్టు వేయరు. పక్క నుంచి మరో చిన్న గెలాక్సీ దాటిపోయినా దాని ఆకర్షణకు బిళ్ల కదిలి చేతులు లేవొచ్చు. అలకనంద విషయంలో ఈ రెండు దారులూ తెరిచే ఉన్నాయి. చల్లని వాయువు బయటి నుంచి నెమ్మదిగా వచ్చి చేరి బిళ్ల కుదురుకుందా, లేక ఎవరైనా పక్కింటివాళ్లు గుద్దుకుంటూ పోయారా అన్నది ఇంకా తేలాలి.

విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు. అలకనందను మనం చూస్తున్నది విశ్వం పుట్టిన 150 కోట్ల ఏళ్లకే. సూర్యుడు మన పాలపుంత చుట్టూ ఆరున్నర ప్రదక్షిణలు చేసేటంత సమయం, అంతే. అంత తొలి రోజుల్లో గెలాక్సీలు గందరగోళంగా, ముద్దలు ముద్దలుగా, వేడిగా అల్లకల్లోలంగా ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. వాయువు చల్లారాలి, బిళ్లగా పరుచుకోవాలి, కుదురుగా తిరగాలి, ఆ పైన రద్దీ తరంగం లేవాలి, దీనికంతా ఎన్నో వందల కోట్ల ఏళ్లు పడుతుందని లెక్క. తీరా చూస్తే రెండు చేతులూ ఇంత పొందికగా తీర్చిన గెలాక్సీ అప్పటికే తయారై కూర్చుంది. విత్తనం వేసిన వారానికే జొన్న కంకి పట్టినట్టు. కాబట్టి విత్తనం గురించో, నేల గురించో మనకు తెలియనిది ఏదో ఉంది.

అలకనంద ఒంటరి కూడా కాదు. అదే 2025లో జూలాంగ్ అనే మరో గెలాక్సీ వార్త వచ్చింది. చైనా పురాణ గాథల్లోని కాగడా డ్రాగన్ పేరది. అది ఇంకా పాతది, విశ్వం పుట్టిన సుమారు 100 కోట్ల ఏళ్ల నాటిది, దానికీ సర్పిలాకార చేతుల జాడలున్నాయి. అయితే బొమ్మలో చేతులు ఎంత స్పష్టంగా, ఎంత సమంగా తీరి ఉన్నాయని చూస్తే మాత్రం అలకనందకే మా ఓటు.

ఇంత దూరాన ఉన్నదాన్ని ఎలా చూశారు? జేమ్స్ వెబ్ టెలిస్కోపును 2021 డిసెంబరు 25న పైకి పంపారు. భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దాని అద్దం వెడల్పు 6.5 మీటర్లు. ఒకే అద్దం కాదు, 18 ముక్కలు, ఒక్కోటి ఆరు మూలలది. తేనె తీసే ఇంటి పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు, అచ్చం తేనెపట్టు గదుల అమరిక. విశ్వం సాగుతూ ఉంటుంది కాబట్టి ప్రయాణంలో వెలుగు కూడా సాగుతుంది. అలకనంద వెలుగు దాదాపు ఐదింతలు సాగింది. అక్కడ నీలంగా బయలుదేరినది మన దగ్గరకు వచ్చేసరికి కంటికి కనబడని పరారుణ కాంతి అయిపోయింది. జేమ్స్ వెబ్ చూసేది ఆ కాంతినే.

దీనికి తోడు ప్రకృతి ఒక సాయం చేసింది. మనకూ అలకనందకూ మధ్యలో, సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఏబెల్ 2744 అనే గెలాక్సీల పెద్ద గుంపు ఉంది. పండోరా గుంపు అని ముద్దుపేరు. దాని బరువుకు పక్క నుంచి పోయే వెలుగు వంగుతుంది. విస్తరాకు మీద నీటి బొట్టు పడితే బొట్టు కింద ఈనెలు పెద్దవిగా కనబడతాయి కదా, అలా ఆ గుంపు భూతద్దంలా పనిచేసి అలకనందను దాదాపు రెండింతలు ప్రకాశంగా చూపించింది. బరువు వెలుగును వంచుతుందని 1915లో ఐన్‌స్టీన్ చెప్పిన సూత్రం ఇక్కడ వాడకపు పనిముట్టు అయిపోయింది. 21 రకాల రంగు వడపోతల్లో తీసిన బొమ్మలను పోల్చి చూసి దూరం, బరువు, వయసు లెక్కగట్టారు.

వెలుగును విప్పి చదివే ఈ విద్యకు మన కోస్తాలోనే ఒక పెద్ద రోజు ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తీరం మీదుగా పోయింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చి మకాం వేశాడు. మద్రాసు అబ్జర్వేటరీ పెద్ద పాగ్సన్ మచిలీపట్నంలో టెలిస్కోపు పెట్టుకున్నాడు. సూర్యుడి అంచున ఎగసిన మంటల వెలుగును గాజు పట్టకంతో రంగుల పట్టీగా విడదీసి చూస్తే మెరిసే గీతలు కనబడ్డాయి. అందులో ఒక పసుపు గీత అప్పటికి భూమి మీద తెలిసిన ఏ పదార్థానికీ సరిపోలేదు. ఆ తర్వాత దానికి హీలియం అని పేరు వచ్చింది. భూమి మీద దొరకకముందే ఆకాశంలో పట్టుబడిన పదార్థం అది. ఇక్కడి నుంచి గుంటూరు ఎంత దూరమో మీకు తెలుసు. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

అలకనందకు కూడా ఇక చేయాల్సింది ఆ పనే. ఇప్పటి దూరం లెక్క రంగుల వడపోతల పోలిక మీద వచ్చింది. దాని వెలుగును పూర్తిగా విప్పి గీతలు చదివితే దూరం ఖాయమవుతుంది, బిళ్ల కుదురుగా తిరుగుతోందా, లోపల అల్లకల్లోలంగా ఉందా అన్నదీ తెలుస్తుంది. జేమ్స్ వెబ్‌తోనూ, చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులతోనూ అది చేయవచ్చు. ఆ పని చేసేవాళ్లు ఇవాళ ఎక్కడో పదో తరగతో, ఇంటరో చదువుతూ ఉండొచ్చు.

ఇప్పుడు ఆ పెద్దాయన అడిగినదానికి వద్దాం. మనకెందుకు ఇదంతా?

ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన మయాంక్ వాహియా, ఆయనతో గణేశ్ హల్కరే కలిసి విదర్భ గోండు గూడేలు తిరిగి పెద్దలను అడిగి వాళ్ల చుక్కల కథలు రాసుకున్నారు. 2013లో అది అచ్చయింది. పుస్తకాల్లో సప్తర్షి మండలం అని ఉండే చుక్కల్లో నాలుగింటిని గోండులు మంచంగా చూస్తారు. వెనక తోకలా ఉన్న మూడు చుక్కలు ఆ మంచాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన ముగ్గురు దొంగలు. ఒరయన్ చుక్కల్లో వాళ్లకు నాగలి కనబడుతుంది. కోయ భాష గోండికి దగ్గరి చుట్టం. మరి మన కోయ గూడేల్లో ఆ చుక్కలకు ఏమంటారు? కొండరెడ్డి ఊళ్లలో ఏమంటారు? మైదానంలో పిల్లలకోడి అనే చుక్కల గుంపును, గొల్లకావడి అనే మూడు చుక్కలను మీ అవ్వ ఏ పేరుతో పిలుస్తుంది? పాలపుంతను ఏ దారి అంటుంది? విత్తనం వేయడానికి, పోడు కాపలాలో జాము తెలుసుకోవడానికి ఏ చుక్కను చూసేది?

ఇక్కడ చేతులెత్తమని అడిగితే ఎంతమంది ఎత్తుతారో మాకు అనుమానమే. తప్పు మీది కాదు. పోలవరం కోసం పాపికొండల దిగువ ఊళ్లు ఖాళీ అయ్యాయి. కోయ, కొండరెడ్డి కుటుంబాలు ఇళ్లూ అడవీ వదిలి పునరావాస కాలనీలకు వచ్చాయి. కాలనీలో కరెంటు స్తంభం ఇంటి ముందే ఉంటుంది. కరెంటు కావాల్సిందే, వద్దనేవాళ్లం కాదు. కానీ ఆ వెలుతురులో పాలపుంత కనబడదు. కనబడని దాని పేరు మనవడికి చెప్పాలని అవ్వకు తోచదు. పోయిన భూమికి పరిహారం లెక్క ఒక కాగితం మీద ఉంటుంది. పోయిన ఆకాశానికి ఏ కాగితం మీదా లెక్క లేదు.

ఇది పనికిరాని దిగులేమీ కాదు. నక్షత్రాల పేర్లు ఖాయం చేసే అంతర్జాతీయ ఖగోళ సంఘం 2017లో ఆస్ట్రేలియా ఆదివాసుల పేర్లు నాలుగింటిని తన అధికారిక పట్టీలో చేర్చింది. అందులో ఒకటి గినాన్. దక్షిణ శిలువ అనే చుక్కల గుంపులో చిన్నది. వార్డమన్ తెగవాళ్లకు అది జ్ఞానం పాటలు నిండిన ఎర్ర సంచి. మే నెలలో రాత్రి తొమ్మిది గంటలకు దక్షిణాన అడ్డం లేని చోట నిలబడితే మన గోదావరి గట్టు నుంచే ఆ శిలువ కనబడుతుంది, నేలకు బాగా దగ్గరగా. వాళ్ల పెద్దలు ఆ పేరును మరచిపోకుండా నిలిపారు, వినేవాళ్లు ఉన్నారు, రాసుకున్నవాళ్లు ఉన్నారు, కాబట్టి ఆ పేరు ఇప్పుడు ప్రపంచమంతటిదీ అయింది.

చదువు సంగతి కూడా రెండు ముక్కలు. సైన్సు గ్రూపు మనకు కష్టంలే అని ఇంటర్‌లో వదిలేస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ నిర్ణయం తీసుకునే ముందు ఒక్కసారి మాతో మాట్లాడండి. భౌతిక శాస్త్రం, గణితం, కంప్యూటరు ప్రోగ్రాము రాయడం, ఈ మూడూ గెలాక్సీ పరిశోధనకు దారి. తిరుపతిలో 2015 నుంచి ఐసర్ ఉంది. డిగ్రీ దాకా ఆగక్కర్లేకుండా ఫోను చేతిలో ఉన్నవాళ్లు చేయగలిగిన పని కూడా ఉంది. 2007లో మొదలైన గెలాక్సీ జూ అనే పథకంలో మామూలు జనం ఇంట్లో కూర్చుని గెలాక్సీల బొమ్మలు చూసి, ఇది సుడి తిరిగిందా, గుండ్రంగా ఉందా, ఎన్ని చేతులున్నాయి అని గుర్తించి చెబుతారు. దానికి డిగ్రీ అడగరు, ఓపిక అడుగుతారు. చీకట్లో అడవి దారి గుర్తుపట్టే కళ్లు మనవి, ఈ పనికి అవి చాలా పనికొస్తాయని మా నమ్మకం.

చివరిగా ఒక పని. బయట భోజనాల దగ్గర బల్ల మీద ఒక పెద్ద రూళ్ల పుస్తకం పెట్టాం. ప్రతి పేజీలో నాలుగు గళ్లు గీశాం: చుక్క పేరు మన భాషలో, అది ఏ నెలలో ఎటు పక్క కనబడుతుంది, దాని కథ, ఆ మాట ఏ ఊళ్లో ఎవరు చెప్పారు. పేరు రాసేటప్పుడు మీ పెద్దలు పలికినట్టే రాయండి, పుస్తకం తెలుగులోకి మార్చొద్దు. తెలియకపోతే ఖాళీగా వదిలి మీ ఊరి పేరు మాత్రం రాసి వెళ్లండి. వచ్చే అమావాస్యకు ముందు మీ అవ్వనో తాతనో అడిగి మాకు ఫోను చేయండి. వినికిడి తగ్గినవాళ్లయితే ఆరుబయట మంచం వేసి పక్కనే కూర్చుని, చుక్కను వేలితో చూపిస్తూ అడగండి. ముసలి కళ్లకు చిన్న చుక్కలు ఆనకపోవచ్చు, పెద్ద వాటితో మొదలుపెట్టండి. వీలైతే మాట రికార్డు చేయండి, వాళ్లు పాట అందుకుంటే మధ్యలో ఆపొద్దు.

భోజనాలు సిద్ధంగా ఉన్నాయని కబురు వచ్చింది. జోహార్.